కూలింగ్ టవర్‌లో నీళ్లు సమానంగా పడాలంటే: బేసిన్ నుంచి నాజిల్ దాకా పని వరుస

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం, విజయనగరం జిల్లా బొబ్బిలి వైపు ప్లాంట్ల యుటిలిటీలో పనిచేసే కుర్రాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఫ్యాన్ తిరుగుతోంది, పంపు నడుస్తోంది, అయినా నీళ్లు చల్లబడటం లేదు. ఏం చేయాలి?"

చాలాసార్లు తప్పు ఫ్యాన్‌లో ఉండదు, ఫిల్స్‌లోనూ (నీళ్లు పలచగా జారుతూ గాలికి తగిలేలా టవర్ లోపల పేర్చే ప్లాస్టిక్ రేకుల కట్టలు) ఉండదు. వేడి నీళ్లు ఫిల్స్ మీద సమానంగా పడటం లేదు, అంతే. నీళ్లు పడని ఎండు చోట గాలికి అడ్డు తక్కువ. అందుకే గాలి అటు నుంచే పైకి పోతుంది, వేడిని మోసుకెళ్లకుండానే. నీళ్లు కుమ్మరించినట్టు పడే చోట గాలి దూరదు. రెండు చోట్లా నష్టమే. ఫ్యాన్ ఎంత తిప్పినా ఈ నష్టం పూడదు.

కాబట్టి ఫిల్స్ మార్చడానికి కొటేషన్ అడిగే ముందు ఈ పని పూర్తి చేయండి.

## 1. మీ టవర్ ఏ రకమో ముందు చూసుకోండి

నీళ్లు పంచే ఏర్పాటు ప్రధానంగా మూడు రకాలు.

ప్రెషర్ నాజిల్స్ ఉన్న కౌంటర్ ఫ్లో టవర్. నీళ్లను పైకి తెచ్చే రైజర్ పైపు నుంచి హెడర్ అనే పెద్ద అడ్డ పైపుకు, హెడర్ నుంచి బ్రాంచ్ పైపులకు, వాటి కింద ఉన్న నాజిల్స్‌కు నీళ్లు వెళ్తాయి. నాజిల్ నీళ్లను గొడుగులా విప్పి ఫిల్స్ మీద చల్లుతుంది. పక్కపక్క గొడుగులు ఒకదాని మీద ఒకటి కొంచెం కలవాలి. గాలి కింది నుంచి పైకి వస్తుంది.

తెరిచిన బేసిన్ ఉన్న క్రాస్ ఫ్లో టవర్. పైన రెండు పక్కలా తొట్టెల్లాంటి హాట్ వాటర్ బేసిన్లు ఉంటాయి. అడుగున ఉన్న రంధ్రాల గుండా నీళ్లు తమ బరువుతోనే దిగుతాయి. గాలి పక్క నుంచి వస్తుంది.

గుండ్రటి బాటిల్ టవర్. చిన్న, మధ్యరకం ఎఫ్ఆర్‌పీ (ఫైబర్ గ్లాస్) టవర్లు ఇవి. మధ్యలో స్ప్రింక్లర్ హెడ్, దానికి చేతుల్లా పైపులు ఉంటాయి. రంధ్రాల నుంచి దూసుకొచ్చే నీటి వెనుతోపుతోనే హెడ్ తిరుగుతుంది. దానికి మోటార్ ఉండదు.

ఈ వ్యాసంలో ఎక్కువ భాగం మొదటి రకం గురించే. ఇబ్బందులు ఎక్కువ దాచుకునేది అదే. పైన డ్రిఫ్ట్ ఎలిమినేటర్లు (తుంపర గాలితో బయటికి పోకుండా ఆపే ప్యాక్‌లు) మూసి ఉంటాయి కాబట్టి తీసి చూస్తే తప్ప ఏమీ కనిపించదు.

## 2. తప్పు పంపిణీదేనా? షట్‌డౌన్ అడిగే ముందే తేల్చుకోండి

టవర్ నడుస్తుండగానే కింద గాలి లోపలికి వెళ్లే చోట నిలబడి, టార్చ్ వేసి వాన పడే తీరు చూడండి. చుట్టూ తిరిగి నాలుగు వైపుల నుంచీ చూడాలి. వాన అంతటా ఒకేలా ఉందా, ఎక్కడైనా తాడులా ధార దిగుతోందా, ఎక్కడైనా ఖాళీగా ఉందా?

తర్వాత మూడు అంకెలు రాసుకోండి: టవర్ హెడర్ దగ్గర ప్రెషర్, పంపు డిశ్చార్జ్ (నీళ్లు బయటికి వచ్చే వైపు) ప్రెషర్, పంపు మోటార్ యాంపియర్లు. పాత లాగ్ బుక్‌లో, టవర్ బాగా పనిచేసిన రోజుల్లో ఉన్న అంకెలతో పోల్చండి.

- హెడర్ ప్రెషర్ పెరిగి యాంప్స్ తగ్గితే నాజిల్స్ మూసుకుపోతున్నాయి.
- హెడర్ ప్రెషర్ పడిపోయి యాంప్స్ పెరిగితే ఎక్కడో నాజిల్ ఊడింది, లేదా బ్రాంచ్ పైపు ఎండ్ క్యాప్ పోయింది.
- పంపు దగ్గర ప్రెషర్ ఎక్కువ, టవర్ దగ్గర తక్కువ అయితే అడ్డు మధ్యలో ఉంది. వాల్వ్, కండెన్సర్, హీట్ ఎక్స్ఛేంజర్ చూడండి.
- పంపు దగ్గర ప్రెషర్, యాంప్స్ రెండూ తగ్గితే సక్షన్ స్ట్రైనర్ (పంపు నీళ్లు పీల్చే వైపు ఉండే జాలీ) చెత్తతో నిండిపోయింది.

గేజ్ గురించి ఒక మాట. చాలా ప్రెషర్ నాజిల్స్‌కు హెడర్ దగ్గర చదరపు సెంటీమీటరుకు 0.2 నుంచి 0.5 కేజీ ప్రెషర్ చాలు. కచ్చితమైన అంకె మీ టవర్ డేటా షీట్‌లో ఉంటుంది. అక్కడ 0 నుంచి 10 కేజీల గేజ్ పెడితే ముల్లు సున్నా పక్కనే కూర్చుంటుంది, తేడా తెలియదు. 0 నుంచి 1 కేజీ గేజ్ పెట్టండి. గేజ్ హెడర్ కంటే కింద ఉంటే ప్రతి మీటరుకు 0.1 కేజీ తీసేసి లెక్కవేయండి.

వెట్ బల్బ్ (తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే గాలి ఉష్ణోగ్రత) కూడా చూడాలి. కోస్తా గాలిలో తేమ ఎక్కువ. టవర్ ఎంత బాగున్నా నీళ్లు వెట్ బల్బ్ కంటే కిందికి చల్లబడవు. చల్లటి నీళ్లకూ వెట్ బల్బ్‌కూ ఉన్న తేడానే అప్రోచ్ అంటాం. ఉక్కపోత రోజు నీళ్లు వేడిగా ఉన్నాయని టవర్‌ను తప్పు పట్టకండి. అప్రోచ్ పెరిగితేనే అనుమానించండి.

## 3. ముందే సమకూర్చుకోవాల్సినవి

షట్‌డౌన్ మొదలయ్యాక స్టోర్‌కు పరుగెడితే సగం రోజు అక్కడే పోతుంది. ముందురోజు సాయంత్రానికి ఇవన్నీ టవర్ దగ్గర ఉండాలి.

- [ ] అదే కంపెనీ, అదే మోడల్, అదే రంధ్రం సైజు ఉన్న స్పేర్ నాజిల్స్. మొత్తంలో పదో వంతైనా ఉంచండి
- [ ] ఎండ్ క్యాప్‌లు, గ్రోమెట్లు (నాజిల్ చుట్టూ వేసే రబ్బరు రింగులు), హెడర్ గాస్కెట్లు
- [ ] ఫిల్స్ మీద పరచడానికి ప్లైవుడ్ పలకలు
- [ ] ప్లాస్టిక్ టబ్బులు రెండు, సల్ఫామిక్ లేదా సిట్రిక్ యాసిడ్, పీహెచ్ పేపర్
- [ ] మెత్తటి బ్రష్‌లు, కొబ్బరి చీపురు పుల్లలు
- [ ] ఒకే సైజు బకెట్లు పన్నెండు, స్టీలు స్కేలు
- [ ] తాళాలు, ట్యాగ్‌లు, ఫుల్ బాడీ హార్నెస్, ఎన్95 మాస్కులు, గాగుల్స్, రబ్బరు గ్లవ్స్
- [ ] టవర్ డ్రాయింగ్ కాపీ, మార్కర్ పెన్

కొబ్బరి పుల్ల ఎందుకంటే, ఇనప తీగతో పొడిస్తే ప్లాస్టిక్ నాజిల్ రంధ్రం గీసుకుపోతుంది, అంచు చెడుతుంది. ఆ నాజిల్ ఇక గొడుగు విప్పదు, ధార కారుస్తుంది. కొబ్బరి పుల్ల వంగుతుందే కానీ ప్లాస్టిక్‌ను గీయదు.

## 4. పైకి ఎక్కే ముందు

ఇది తొందరలో దాటేసే భాగం కాదు.

ఫ్యాన్‌కు, పంపుకు విద్యుత్ ఆపి తాళం వేయండి, ట్యాగ్ కట్టండి, తాళంచెవి పని చేసే మనిషి జేబులోనే ఉండాలి. స్విచ్ ఆపామంటే సరిపోదు. ఆగిన ఫ్యాన్ కూడా గాలికి తిరుగుతుంది, అందుకని బ్లేడును తాడుతో కట్టేయండి.

ఎత్తు పనికి, లోపలికి దిగే పనికి విడివిడిగా పర్మిట్ తీసుకోండి. బయట ఒక మనిషి కాపలా ఉండాలి.

పీవీసీ ఫిల్స్, ఎఫ్ఆర్‌పీ కేసింగ్ ఎండిపోయి ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ పడినా టవర్ మొత్తం అంటుకుంటుంది. ఆ రోజు టవర్ మీద వెల్డింగ్, గ్యాస్ కటింగ్, గ్రైండింగ్ వద్దు.

టవర్ పాచిలో, బురదలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. 20 నుంచి 45 డిగ్రీల నీళ్లు దానికి అనుకూలం, మన టవర్ నీళ్లు సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటాయి. తుంపరతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా తెస్తుంది. అందుకే శుభ్రం చేసే ముందు బయోసైడ్ (సూక్ష్మజీవులను చంపే మందు) డోస్ వేసి నీళ్లు తిప్పించండి. హై ప్రెషర్ జెట్ వాడాల్సి వస్తే మాస్క్ లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి.

## 5. శుభ్రం చేసే వరుస

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నేరుగా పైకెక్కి నాజిల్స్ కడిగేస్తారు. రెండు రోజులకు మళ్లీ మూసుకుపోతాయి. నాజిల్‌లో ఇరుక్కునే చెత్త నాజిల్‌లో పుట్టదు. కింది బేసిన్ నుంచి స్ట్రైనర్ దాటి, పంపు మీదుగా, పైపుల్లో ప్రయాణించి అక్కడ ఆగుతుంది. నీళ్లు నడిచే వరుసలోనే శుభ్రం చేయాలి: ముందు బేసిన్, చివరికి నాజిల్.

5.1 కింది బేసిన్. నీళ్లు వదిలి బురద పూర్తిగా ఎత్తేయండి. ఆ బురదను చేత్తో పట్టుకుని చూడండి, చాలా చెబుతుంది. గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో అల్లాయ్ ప్లాంట్లలో నల్లటి మెత్తటి దుమ్ము దొరుకుతుంది. రైస్ మిల్లు పక్కన ఉంటే ఊక, ఊక బూడిద. రణస్థలం, ఎచ్చెర్ల తీరం వైపు అయితే సరుగుడు ఆకులు. ఎర్రటి పెచ్చులు వస్తే మీ సొంత ఎంఎస్ (మామూలు ఉక్కు) పైపు లోపల తుప్పు రాలుతోంది. నీలం, నలుపు ప్లాస్టిక్ ముక్కలు వస్తే ఫిల్స్ చిట్లుతున్నాయి.

5.2 స్ట్రైనర్ జాలీ. జాలీ కన్ను నాజిల్ రంధ్రం కంటే చిన్నదిగా ఉండాలి. జాలీలు రెండు వరుసలు ఉండేలా చూసుకోండి. ఒకటి ఎత్తి కడిగేటప్పుడు రెండోది లోపలే ఉండాలి. పంపు నడుస్తుండగా ఉన్న ఒక్క జాలీనీ ఎత్తితే, దాని వెనక పేరుకున్న చెత్తంతా ఒక్క క్షణంలో నాజిల్స్‌కు చేరుతుంది.

ఇది నేను కళ్లారా చూసిందే. పైడిభీమవరం ప్రాంతంలో ఒక మందుల ప్లాంట్‌లో, టవర్ నీళ్లతో తన వేడిని బయటికి పంపే చిల్లర్ (శీతలీకరణ యంత్రం) పదేపదే హై ప్రెషర్‌తో ట్రిప్ అవుతోంది. అప్పటికే కండెన్సర్ ట్యూబులు కడిగించారు, ఫ్యాన్ బ్లేడు కోణం మార్చారు. మాతో ఉన్న పెద్ద వయసు ఫిట్టర్ కింద కూర్చుని లోపలికి తొంగి చూసి, "ఏటి బాబూ, నీళ్లన్నీ ఓ పక్కనే పడతన్నాయి, సూడండి" అన్నాడు. పైన ఎలిమినేటర్లు తీశాం. ఒక నాజిల్ విప్పి అరచేతిలో దులిపితే సరుగుడు ఆకులు అగ్గిపుల్లల కట్టలా ఒత్తుగా బయటికొచ్చాయి, మధ్యలో పాచి జిగురు. సరుగుడు ఆకు సన్నగా, సూదిలా ఉంటుంది. నిలువుగా తిరిగితే జాలీ కన్నులోంచి దూరిపోతుంది, నాజిల్‌లో అడ్డం తిరుగుతుంది. ఒకటి అడ్డం పడితే వెనకవి దానికే చిక్కుకుంటాయి. జాలీ మార్చి, రెండో జాలీ పెట్టాక ఆ ట్రిప్పులు ఆగాయి.

5.3 ఎలిమినేటర్లు తీయడం. ప్రతి ప్యాక్ మీద మార్కర్‌తో నంబరు, దిశ బాణం వేసి తీయండి. తిరిగి పెట్టేటప్పుడు తలకిందులైనా, మధ్యలో సందు ఉన్నా నీటి తుంపర ఫ్యాన్‌తో బయటికి పోతుంది. నడిచేది పలకల మీదే. ఫిల్స్ మీద నేరుగా కాలు పెడితే పైఅంచులు నలిగి నీళ్ల దారి మూసుకుంటుంది, అది మళ్లీ తెరుచుకోదు.

5.4 నాజిల్స్ విప్పడం. ఒక్కో బ్రాంచ్‌కు ఒక సంచి, దాని మీద నంబరు. విప్పేటప్పుడే లెక్క రాయండి: ఎన్ని మూసుకుపోయాయి, ఎన్ని విరిగాయి, ఎన్ని అసలు లేవు. హెడర్ చివర్లలోనివే ఎక్కువగా మూసుకుపోయి ఉంటే పైపుల్లో బురద అటు చేరుతోందని అర్థం.

5.5 పైపులు ఫ్లష్ చేయడం. ఎక్కువమంది వదిలేసే అడుగు ఇదే. నాజిల్స్ లేకుండా, ఎండ్ క్యాప్‌లు తీసి, పైన మనుషులంతా దిగాక, పర్మిట్ ప్రకారం తాళాలు తీసి పంపు కాసేపు నడపండి. డిశ్చార్జ్ వాల్వ్ కొంచెమే తెరవండి, లేకపోతే మోటార్ ఓవర్‌లోడ్ అవుతుంది. చివర్ల నుంచి ముందు నల్లగా, తర్వాత మసకగా, ఆఖరికి తేటగా వస్తాయి. తేట నీళ్లు వచ్చేదాకా ఆపకండి. మళ్లీ పైకి ఎక్కే ముందు తాళాలన్నీ తిరిగి వేయాలి.

5.6 నాజిల్స్ నానబెట్టడం. పాచి మాత్రమే అయితే నీళ్లు, బ్రష్ చాలు. తెల్లటి పొలుసు అయితే 5 శాతం సల్ఫామిక్ లేదా సిట్రిక్ యాసిడ్‌లో నానబెట్టండి. నీళ్లలో యాసిడ్ వేయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. బుడగలు ఆగేదాకా ఉంచి, మంచినీళ్లతో కడగండి. టవర్ నిర్మాణానికి గాల్వనైజ్డ్ ఇనుము ఉంటే ఆ యాసిడ్ నీళ్లు దాని మీద పడనివ్వకండి. మిగిలిన యాసిడ్ నీళ్లు ఈటీపీకే (వ్యర్థ జలాలను శుద్ధి చేసే ప్లాంట్) పంపండి.

5.7 బేసిన్ రెండోసారి. పైన చేసిన పనిలో రాలిన చెత్తంతా కింద పడి ఉంటుంది. మళ్లీ ఒకసారి ఎత్తండి.

## 6. నాజిల్స్ తిరిగి బిగించడం

ఒక్కొక్కటి వెలుతురుకు ఎదురుగా పెట్టి రంధ్రంలోంచి చూడండి. గుండ్రంగా, అంచు నున్నగా ఉండాలి. కింద ఉండే చిన్న రెక్కల బిళ్ల, నీళ్లను గొడుగులా విప్పేది అదే, విరిగి ఉంటే నాజిల్ పారేయండి.

సైజులు కలపకండి. 25 మిల్లీమీటర్ల రంధ్రం ఉండాల్సిన చోట నాజిల్ ఊడి 50 మిల్లీమీటర్ల ఖాళీ మిగిలితే ఆ వైశాల్యం నాలుగు రెట్లు. పక్క నాజిల్స్‌కు వెళ్లాల్సిన నీళ్లు అక్కడే కారిపోతాయి, కింద ఫిల్స్ మీద గుంట పడుతుంది. స్పేర్ లేదని రంధ్రానికి గుడ్డ కుక్కడం కూడా నేను చూశాను. ఆ గుడ్డ కొన్నాళ్లకు లోపలికి జారి ఇంకో చోట అడ్డుపడుతుంది.

- [ ] బ్రాంచ్ పైపులు మట్టంగా ఉన్నాయి, సపోర్ట్ విరగలేదు
- [ ] నాజిల్స్ అన్నీ నిలువుగా, ఒకే ఎత్తులో ఉన్నాయి
- [ ] ఎండ్ క్యాప్‌లన్నీ బిగిశాయి
- [ ] తెచ్చిన స్పేర్లు, వాడినవి, మిగిలినవి లెక్క సరిపోయింది
- [ ] పలకలు, పనిముట్లు, సంచులు బయటికి వచ్చేశాయి
- [ ] ఎలిమినేటర్లు పెట్టే ముందు, ఫ్యాన్ ఆపే ఉంచి, పంపు నడిపి నాజిల్స్ చల్లే తీరు పై గేటు దగ్గర నుంచి చూశాం

ఆ చివరి అంశం వదలకండి. ఎలిమినేటర్లు మూశాక గుర్తొస్తే మళ్లీ అన్నీ తీయాలి.

## 7. సెల్స్ మధ్య నీళ్లు పంచడం

ఒకటికి మించి సెల్స్ (సొంత ఫ్యాన్, సొంత హెడర్ ఉన్న టవర్ గదులు) ఉంటే పంపుకు దగ్గరగా ఉన్న సెల్‌కు నీళ్లు ఎక్కువ, చివరి సెల్‌కు తక్కువ వెళ్తాయి.

1. అన్ని రైజర్ వాల్వులూ పూర్తిగా తెరవండి.
2. ప్రతి సెల్ హెడర్ ప్రెషర్ రాయండి.
3. పంపుకు దగ్గరి సెల్ వాల్వును కొంచెం మూయండి. చివరి సెల్ వాల్వు పూర్తిగా తెరిచే ఉండాలి.
4. పది నిమిషాలు ఆగి మళ్లీ అన్ని అంకెలూ రాయండి. ఒకటి మారిస్తే మిగతావన్నీ మారతాయి.
5. ప్రెషర్లు సమానమయ్యాక వాల్వు హ్యాండిల్ స్థానాన్ని పెయింట్‌తో గుర్తుపెట్టి, లాక్ చేయండి.

చలికాలంలో, లోడ్ తక్కువ ఉన్నప్పుడు ఒక పంపు ఆపి అన్ని సెల్స్‌కూ సగం నీళ్లు పంపుతుంటారు. ఇది పొరపాటు. నాజిల్ గుండా నీళ్లు సగం అయితే ప్రెషర్ నాలుగో వంతుకు పడిపోతుంది. గొడుగు విప్పుకోదు, కిందికి ధారగా కారుతుంది. అంతకంటే ఒక సెల్‌కు నీళ్లు, ఫ్యాన్ రెండూ ఆపి, మిగతా సెల్స్‌ను సరైన ప్రెషర్‌తో నడపడం మంచిది.

## 8. బకెట్ పరీక్ష

పని సరిగ్గా అయిందని కంటితో చెప్పడం కష్టం. కొలవండి.

ఫ్యాన్‌కు తాళం వేసి, పంపు నడుపుతూ, ఫిల్స్ కింద వాన పడే చోట పలకల మీద ఒకే సైజు బకెట్లు పన్నెండు పెట్టండి: మూలల్లో, గోడల పక్కన, మధ్యలో. గాలి లోపలికి వెళ్లే చోట నుంచే పెట్టి తీయండి. బేసిన్‌లో నీళ్లు లోతుగా ఉంటే లోపలికి దిగొద్దు. అన్నీ ఒకేసారి అర నిమిషం ఉంచి తీసి, స్కేలుతో నీటి ఎత్తు కొలవండి.

సగటు తీసి ఒక్కో బకెట్‌ను దానితో పోల్చండి. సగటు 80 మిల్లీమీటర్లు అనుకుంటే, 70 నుంచి 90 మధ్య వచ్చినవాటిని నేను సరే అంటాను. 40 వచ్చిన బకెట్ పైన నాజిల్ మళ్లీ చూస్తాను. గోడ పక్కన ఎక్కువ, మధ్యలో తక్కువ వస్తే ప్రెషర్ చూడాలి. అడ్డదిడ్డంగా వస్తే ఫిల్స్ లోపల బురద గడ్డకట్టి ఉండొచ్చు, అప్పుడు ఫిల్స్ సంగతి ఆలోచించవచ్చు.

## 9. మిగతా రెండు రకాలకు

క్రాస్ ఫ్లో. రెండు పక్కల బేసిన్లలో నీటి లోతు సమానంగా ఉండేలా వాల్వులు సరిచేయండి. సాధారణంగా 75 నుంచి 150 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. రంధ్రం గుండా దిగే నీళ్లు లోతు వర్గమూలం ప్రకారం మారతాయి. ఒక మూల లోతు 50, ఇంకో మూల 100 ఉంటే లోతైన చోట దాదాపు 40 శాతం ఎక్కువ నీళ్లు దిగుతాయి. అందుకే బేసిన్ మట్టం చూడాలి. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం చాలు. పైమూతలు లేకుండా వదిలేస్తే ఎండకు పాచి పడుతుంది, నెల తిరక్కుండానే రంధ్రాలు మూసుకుంటాయి.

స్ప్రింక్లర్. చేత్తో తిప్పితే తేలిగ్గా, శబ్దం లేకుండా తిరగాలి. బిగుసుకుంటే నీళ్లన్నీ కొన్ని గీతల మీదే పడతాయి. మరీ వేగంగా తిరిగితే నీళ్లు గోడకు కొట్టి మధ్య భాగం ఎండిపోతుంది. చేతుల రంధ్రాలను కిందికి తిప్పితే వేగం తగ్గుతుంది, అడ్డంగా తిప్పితే పెరుగుతుంది. అన్ని చేతులూ ఒకే కోణంలో ఉండాలి. ఎన్ని చుట్లు తిరగాలో తయారీదారు ఇచ్చిన అంకె చూసుకోండి.

## 10. ఎప్పుడెప్పుడు చూడాలి

- ప్రతి షిఫ్ట్: హెడర్ ప్రెషర్, పంపు యాంప్స్, జాలీ ముందు వెనక నీటి మట్టం తేడా.
- ప్రతి వారం: కింది నుంచి టార్చ్‌తో వాన పడే తీరు.
- మూడు నెలలకోసారి: ఒక సెల్ ఎలిమినేటర్లు కొన్ని తీసి నాజిల్స్ నమూనాగా.
- ఏడాదికోసారి: పై పని మొత్తం. ఎండాకాలం లోడ్ పెరగకముందే, ఫిబ్రవరిలో పెట్టుకోండి.

మన జిల్లాల్లో అక్టోబర్‌ను ప్రత్యేకంగా చూసుకోవాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటింది. అంత గాలి వీచాక టవర్‌లోకి ఆకులు, రేకు ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు, ఇసుక అన్నీ చేరతాయి. తుపాను హెచ్చరిక రాగానే క్రాస్ ఫ్లో మూతలు బిగించండి, స్పేర్ జాలీ దగ్గర పెట్టుకోండి. కరెంటు వచ్చింది కదా అని వెంటనే పంపు వేయకండి. ముందు హాట్ బేసిన్ చూడండి, కింది బేసిన్‌లో తేలుతున్న చెత్త ఎత్తండి, జాలీలు కడగండి. ఆ తర్వాతే స్టార్ట్ బటన్ నొక్కండి. మొదటి గంటలో రెండుసార్లు, మొదటి రోజంతా ప్రతి రెండు గంటలకోసారి జాలీ చూసి రిజిస్టర్‌లో రాయండి.